పాత పటంలో చిన్న బొంత: గోదావరి చెమ్మకు తట్టుకునేలా కట్టే పద్ధతి

చీర ముక్కలు అతికి, లేసు పువ్వులు కుట్టి చేసిన జానెడు బొమ్మ బొంతను గోడకు పెట్టాలంటే పాత టేకు పటాన్ని మించింది లేదు. పెంకుటిళ్లు విప్పేసినప్పుడల్లా తాతల నాటి చట్రాలు పాత సామాన్ల కొట్లకు చేరుతూనే ఉంటాయి. ఇప్పటి ఫైబరు ఫ్రేముల్లో దొరకని బరువూ లోతూ వాటికి ఉంటాయి. చిక్కల్లా ఏమిటంటే, నరసాపురం, అమలాపురం, యానాం వైపు గాలిలో ఏడాదిలో ఎక్కువ నెలలు చెమ్మే. ఫొటోకు కట్టినట్టే గుడ్డకూ పటం కట్టేస్తే ఒకటి రెండు వానాకాలాలకే బూజు చుక్కలు తేలతాయి. గుడ్డ తేమను పీల్చుకుంటుంది, ఎండ కాయగానే వదులుతుంది. వదిలిన తేమకు దారి లేకపోతే అద్దానికి లోపలివైపు పట్టి, తిరిగి గుడ్డమీదికే దిగుతుంది.

అందుకే మూడు సంగతులు పని మొదలుపెట్టక ముందే మనసులో ఉంచుకోండి. గుడ్డ అద్దాన్ని తాకకూడదు. ఒట్టి చెక్కను తాకకూడదు. పటం వీపు గోడకు అంటుకోకూడదు. కింద చెప్పే కొలతలన్నీ వీటికోసమే.

పని చేసే రోజు కూడా చూసుకోవాలి. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి వేసవి చివరి దాకా మంచి కాలం. అప్పుడైనా పొద్దున మంచు విడిచి, ఎండ బాగా పడ్డాకే గుడ్డ బిగించండి. ముసురులో బిగించిన గుడ్డ వేసవిలో తీరు మార్చుకుంటుంది. ఎంత సరిచేసినా మళ్లీ మొదటికే వస్తుంది.

పటం కొనేటప్పుడు

చట్రాన్ని వెనక్కి తిప్పి చూడండి. అద్దం కూర్చునే మెట్టు లాంటి గాడి ఎంత లోతు ఉందో స్కేలు పెట్టి కొలవండి. పాత పటాల్లో సాధారణంగా 8 నుంచి 12 మి.మీ. ఉంటుంది. 6 మి.మీ. కంటే తక్కువుంటే బొంతకు అది ఇబ్బందే. ఆ తర్వాత మూలలు పట్టుకుని మెల్లగా మెలిపెట్టండి. మూల కదిలితే ఫరవాలేదు, బిగించుకోవచ్చు. చట్రం కర్రే వంకరపోయి, బల్లమీద పెట్టినప్పుడు ఒక మూల పైకి లేస్తుంటే మాత్రం వదిలేయండి. అద్దం దానికి ఎప్పటికీ సరిగా ఆనదు.

తరువాత చూడాల్సింది పుచ్చు. గుండుసూది తలంత రంధ్రాలు కనిపిస్తే అవి పాతవో కొత్తవో కంటితో చెప్పలేం. చట్రాన్ని నల్ల కాగితం మీద బోర్లించి నాలుగు వైపులా తట్టండి. రాలిన పొడి తుడిచేసి, అదే కాగితం మీద పది రోజులు కదపకుండా వదిలేయండి. మళ్లీ సన్నని పిండి రాలితే లోపల పురుగు బతికే ఉంది. అలాంటి చట్రాన్ని ఇంట్లో తక్కిన కర్ర సామాను దగ్గర ఉంచొద్దు. చిన్నదైతే ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా కట్టి, మైనస్ 18 డిగ్రీలుండే డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచితే పురుగూ గుడ్లూ చస్తాయి. బయటికి తీశాక సంచిని వెంటనే విప్పకండి. ఒక రోజంతా మామూలు వేడికి రానివ్వండి, లేకపోతే చల్లటి కర్రమీద నీరు పడుతుంది. కొందరు కిరసనాయిలు పూస్తారు. అది కర్రలో ఇంకి, ఆ తర్వాత నెలల తరబడి గుడ్డకు జిడ్డూ వాసనా పట్టిస్తుంది. బొంత పెట్టే పటానికి అది వద్దు.

లోపలి పాత బొమ్మను తీయడం

వెనక మేకుల్ని సుత్తితో కొట్టి వదులు చేయకండి, అద్దం పగులుతుంది. సన్నమూతి పటకారుతో పట్టి, తిప్పుతూ లాగండి. చేతికి మందపాటి గుడ్డ చుట్టుకుని అద్దాన్ని ఎత్తండి.

చాలా పటాల్లో దేవుడి బొమ్మో ఎవరింటి పెద్దవాళ్ల ఫొటోనో ఉంటుంది. అమ్మినవాళ్లు తెలిసినవాళ్లైతే, ఫొటో కావాలేమో ఒక మాట అడగండి. దేవుడి పటాన్ని గోదావరిలో కలపాలనుకుంటే కాగితం వరకే కలపండి. అద్దం పెంకులూ మేకులూ రేవులో దిగేవాళ్ల కాళ్లకు గుచ్చుకుంటాయి. వెనక పెట్టిన పాత అట్టను, చూడ్డానికి బాగున్నా సరే, మళ్లీ వాడొద్దు. ఏళ్ల తరబడి పీల్చిన చెమ్మా, పురుగుల గుడ్లూ, కాగితంలోని ఆమ్లమూ అన్నీ అందులోనే ఉంటాయి.

మూలలు బిగించడం

వదులైన మూలలో పాత సరేసు జిగురు ఎండి పొక్కులుగా ఉంటుంది. దాన్ని చాకు మొనతో గీకేసి, రెండు కోతల మీదా కొత్త చెక్క జిగురు పల్చగా రాయండి. మూలల్ని కలిపి పట్టి ఉంచే క్లాంపులు కొనక్కర్లేదు. పాత సైకిలు ట్యూబును నిలువునా చీల్చి అంగుళం వెడల్పు పట్టీ తీయండి. చట్రం నాలుగు మూలలకూ అట్టముక్కలు మడిచి అడ్డంపెట్టి, ఆ పట్టీని బాగా సాగదీస్తూ చుట్టూ మూడు వరసలు చుట్టి ముడేయండి. రబ్బరు బిగువుకు నాలుగు మూలలూ ఒక్కసారే దగ్గరవుతాయి. జిగురు తడిగా ఉండగానే ఎదురెదురు మూలల మధ్య దూరం టేపుతో కొలవండి. రెండు కొలతలూ సమానమైతే చట్రం చదరంగా ఉన్నట్టు. తేడా వస్తే ఎక్కువున్న మూలల్ని కొద్దిగా నొక్కి సరిచేయండి. 24 గంటలు వదిలేయండి.

పాలిష్ వేయాలనుకుంటే ఇప్పుడే వేయండి. వేశాక కనీసం మూడు వారాలు నీడలో ఆరనివ్వాలి. వార్నిష్ చేతికి ఆరినట్టే ఉన్నా దాని ఆవిరి ఇంకా వస్తుంటుంది, అద్దం వెనక ఆ ఆవిరికి పోయే దారి ఉండదు. గాడి లోపలికి మాత్రం పాలిష్ చాలదు. ఏసీ సామాన్ల కొట్లో దొరికే అల్యూమినియం ఫాయిల్ టేపు తెచ్చి గాడి మెట్టుకూ పక్క గోడకూ అంటించండి. బయటినుంచి కనిపించకుండా అంచు కత్తిరించండి. టేకు నూనే, పాత కర్ర ఆమ్లమూ గుడ్డకు చేరకుండా అడ్డుకునేది ఆ టేపే.

లోతు లెక్క

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. బొంత మందాన్ని వేలితో నొక్కకుండా కొలవండి. పై గుడ్డ, లోపలి పల్చటి దూది పొర, అడుగు గుడ్డ కలిపి మామూలుగా 3 నుంచి 5 మి.మీ. వస్తుంది. 4 మి.మీ. బొంత అనుకుందాం. అద్దానికీ బొంతకూ మధ్య కనీసం 4 మి.మీ. ఖాళీ కావాలి కాబట్టి, అద్దాన్ని ఎత్తి పట్టే పుల్లలు 8 మి.మీ. ఎత్తు ఉండాలి. అద్దం 2 మి.మీ. బొంతను మోసే ప్లైవుడ్ పలక, దాని మీద గుడ్డలు, వెనక మడతలు కలిపి 7 మి.మీ. వెనక మూత 3 మి.మీ. మొత్తం 20 మి.మీ. మీ గాడి లోతు 10 మి.మీ. అయితే ఇంకో 10 మి.మీ. లోతు చేర్చాలి.

చేర్చడం తేలికే. వడ్రంగి దగ్గర 12 మి.మీ. చదరపు టేకు బీడింగు, అంటే సన్న కర్ర పట్టీ, తీసుకుని, చట్రం వెనక గాడి అంచు పక్కనే నాలుగు వైపులా మరలతో బిగించండి. ఇది గోడవైపు ఉంటుంది కాబట్టి మూలల్ని 45 డిగ్రీలకు కోయాల్సిన పని లేదు, సూటిగా కోసి ఆనిస్తే చాలు. వాడేవి ఇత్తడి మరలు గానీ స్టీలు మరలు గానీ అయి ఉండాలి. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇనుప మేకు ఒక్క వానాకాలంలోనే తుప్పు కారుస్తుంది. ఆ తుప్పు మచ్చ గుడ్డకు పట్టిందంటే వదిలించడం చాలా కష్టం.

అద్దం పెట్టకపోతే పుల్లలూ అద్దమూ లెక్కలోంచి పోతాయి. 10 మి.మీ. గాడే సరిపోతుంది.

గంజి వదిలించడం

ఈ ప్రాంతపు బొంతలకు అసలు శత్రువు గంజి. బండార్లంక నూలు చీరైనా, ఇంట్లో ఉతికి పెట్టిన పాత చీరైనా, ముక్కలో గంజి మిగిలే ఉంటుంది. కొత్త కోరా గుడ్డలోనూ నేతలో పెట్టిన గంజి ఉంటుంది. వెండి రంగులో జరజరా పాకే పురుగుకూ, బొద్దింకకూ, బూజుకూ అది తిండి. బొంత కుట్టకముందే ముక్కల్ని గంజి పోయేలా ఉతకడం మేలు. కుట్టేసిన బొంతైతే ముందు రంగు పరీక్ష చేయండి. తెల్ల గుడ్డను తడిపి ఒక్కో రంగుమీదా ఒక నిమిషం అదిమి పట్టండి. రంగు అంటితే ఆ బొంతను నీళ్లలో ముంచొద్దు. అద్దం లేకుండా కట్టి, తరచూ చూసుకుంటూ ఉండండి.

రంగు అంటకపోతే వెడల్పాటి పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు పోసి, బొంతను పరిచినట్టే ముంచి రెండు గంటలు ఉంచండి. పిండొద్దు, రుద్దొద్దు. అరచేత్తో అదుముతూ నీళ్లు మార్చండి. గంజి పూర్తిగా పోయిందో లేదో చేతికి తెలియదు. అది తెలియాలంటే ఆఖరున వంపిన నీళ్లు ఒక తెల్ల సాసరులో కొద్దిగా తీసుకుని, మందుల షాపులో దొరికే టింక్చర్ అయోడిన్ రెండు చుక్కలు వేయండి. నీళ్లు నీలంగానో నల్లగానో తిరిగితే గంజి ఇంకా ఉంది, మళ్లీ నీళ్లు మార్చండి. లేత పసుపు రంగులోనే నిలిచిపోతే పోయినట్టు. చుక్క సాసరులోనే వేయండి, బొంతమీద కాదు.

ఆఖరి జాడింపు మాత్రం తాగే ఫిల్టరు నీళ్లతో చేయండి. తీరం దగ్గర బోరు నీళ్లలో ఉప్పుంటుంది, కొన్నిచోట్ల ఇనుమూ ఉంటుంది. ఉప్పు గాల్లో తేమను లాగి గుడ్డలో ఉంచుతుంది, ఇనుము గోధుమరంగు చుక్కలుగా తేలుతుంది. తువ్వాలు మీద పరిచి, పైన ఇంకో తువ్వాలు వేసి అదిమి, నులక మంచం మీద నీడలో ఆరబెట్టండి. నులక సందుల్లోంచి కిందినుంచీ గాలి తగులుతుంది. రెండు రోజులు ఆరాలి, పైన ఆరినట్టున్నా దూది లోపల ఆరి ఉండదు.

బొంతను గుడ్డమీద కుట్టడం

ఉదాహరణకు, చట్రం ముందునుంచి కనిపించే కిటికీ 12 అంగుళాలకు 10 అనుకోండి. గాడి వెడల్పు చుట్టూ 6 మి.మీ. కలిపితే లోపలి కొలత సుమారు పన్నెండున్నరకు పదిన్నర. అందులో 9 అంగుళాలకు 7 అంగుళాల బొంత బాగా కూర్చుంటుంది, చుట్టూ అంగుళంన్నర ఖాళీ వస్తుంది. బొంతను సరిగ్గా మధ్యలో పెడితే కిందికి జారినట్టు కనిపిస్తుంది. పైకి పావంగుళం జరపండి. అంచులు చట్రం కింద దాక్కునేలా బొంతను నింపేయడం మాకు నచ్చదు. చేత్తో కుట్టిన అంచు, కొద్దిగా వంకరైనా సరే, కనిపించాలి.

వెనక గుడ్డకు పదహారున్నరకు పద్నాలుగున్నర అంగుళాల కోరా గుడ్డ గానీ ఖద్దరు గానీ తీసుకోండి. నాలుగు వైపులా మడవడానికి రెండేసి అంగుళాలు ఉండాలి. దీన్ని రెండుసార్లు వేడినీళ్లలో సబ్బుతో ఉతికి, జాడించి, ఇస్త్రీ చేయాలి. ఉతక్కుండా వాడితే మొదటి ముసురుకే ముడుచుకుని బొంతను లాగుతుంది, ముందు నుంచి చూస్తే అలలు అలలుగా ఉంటుంది. బొంత ఎక్కడ కూర్చోవాలో పెన్సిలుతో గీయకండి, రంగు దారంతో నాలుగు టాకాలు వేసుకుంటే చాలు, తర్వాత లాగేయొచ్చు.

కుట్టడానికి సన్నటి సూది, నూలు దారం. పాలిస్టరు దారం నూలు కంటే గట్టిది కాబట్టి, లాగుడు పడినప్పుడు పాత చీర పోగులే తెగిపోతాయి. సూది బొంత అడుగు గుడ్డనూ దూదినీ పట్టాలి, పై గుడ్డలోకి రాకూడదు. పై అంచున అంగుళానికో కుట్టు, పక్కల అంగుళంన్నరకో కుట్టు, కింది అంచున రెండంగుళాలకో కుట్టు వేయండి. దారం లాగి బిగించొద్దు, కుట్టు పడ్డచోట గుంట పడుతుంది. పక్కలూ కిందా కొంచెం స్వేచ్ఛ ఉంటే చెమ్మకు గుడ్డ పెరిగి తగ్గినా ముడత రాదు. 7 అంగుళాల కంటే ఎత్తుంటే నడుమ కూడా రెండు మూడు చోట్ల పట్టించండి, లేకపోతే దూది బరువుకు పొట్ట కిందికి వేలాడుతుంది.

జిగురుతో అంటించే ఆలోచనే వద్దు. తెల్ల జిగురు ఎండి అట్టలా బిగుసుకుంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. రెండు వైపులా అంటుకునే టేపు రోహిణి కార్తె ఎండకు మెత్తబడి, జిగురు గుడ్డలోంచి ముందుకు ఊరుతుంది. ఆ జిడ్డు ఏ ఉతుకుడుకూ పోదు.

పలకకు బిగించడం

పలకకు 4 మి.మీ. ప్లైవుడ్ చాలు. గాడి లోపలి కొలత కంటే నిడివీ వెడల్పూ 3 మి.మీ. చొప్పున తగ్గించి కోయించండి, మడిచిన గుడ్డకు ఆ చోటు కావాలి. అంచులు ఎమరీ కాగితంతో నున్నగా రుద్ది, పలక మొత్తాన్ని వంటింటి అల్యూమినియం ఫాయిల్‌తో చుట్టండి. పైన ఉతికిన ఫ్లానెల్ ఒక వరస పరవండి. ప్లైవుడ్‌లో వాడే జిగురు ఆవిరి నుంచి బొంతను కాపాడేవి ఇవే.

బొంత కుట్టిన గుడ్డను పలకమీద పరిచి, నాలుగు అంచుల మధ్యలో మొదట గుండుసూదులు గుచ్చండి. అక్కడినుంచి మూలల వైపు జరుగుతూ గుచ్చుకుంటూ పోండి. నేత పోగు చట్రం అంచుకు సమాంతరంగా ఉందో లేదో తరచూ చూసుకోండి. పోగు వంకర పోతే బొంతే వంకరగా పెట్టినట్టు కనిపిస్తుంది. తర్వాత బోర్లించి, దబ్బనంతో గట్టి నూలుదారం ఒక అంచు మడతనుంచి ఎదుటి అంచు మడతకు, నులక మంచం కట్టినట్టు, అటూ ఇటూ అల్లండి. దారాన్ని మధ్యలో తెంపకుండా ఉండనుంచే లాగుతూ రండి. రెండు నిలువు అంచుల మధ్య అల్లిక అయ్యాక పై, కింది అంచుల మధ్య ఇంకో అల్లిక. అర అంగుళానికో కుట్టు చొప్పున పడాలి. అల్లిక బిగువు చాలకపోతే పోగును వరసగా లాగుతూ పోతే మొత్తం బిగుస్తుంది, స్టేప్లరు పిన్నులతో ఆ వీలు లేదు, పైగా అవి తుప్పుపడతాయి.

అద్దం పెట్టాలా, వద్దా

చేతిపని నీడల్లో కనిపిస్తుంది. కుట్టుకు కుట్టుకూ మధ్య లేచే చిన్న మిట్టను అద్దం చదునుగా చూపిస్తుంది. నాలుగు గోడల మధ్య, రోడ్డు దుమ్ము రాని గదిలో అయితే అద్దం లేకుండానే పెట్టండి. పోపు ఘాటు తగిలే చోట, పూజగది దగ్గర సాంబ్రాణి పొగ తగిలే చోట, వీధివైపు వరండాలో అద్దం తప్పదు.

పాత అద్దం చిన్న బుడగలతో, కొద్దిగా అలలతో ఉంటే దాన్నే వాడండి, అందంగా ఉంటుంది. నీళ్లలో నాలుగు చుక్కల వెనిగర్ కలిపి, గుడ్డను తడిపి తుడవండి, అద్దం మీద పోయొద్దు. పూర్తిగా ఆరాక పాత న్యూస్‌పేపరుతో మెరిపించండి. లోపలివైపు వేలిముద్ర ఒక్కటున్నా తర్వాత తీయడానికి పటమంతా విప్పాలి.

పుల్లల వెడల్పు 5 మి.మీ. దాటకూడదు, గాడి 6 మి.మీ. కాబట్టి అంతకంటే వెడల్పుంటే ముందునుంచి కనిపిస్తాయి. 5 వెడల్పు, 8 ఎత్తు ఉన్న సన్న బీడింగు ముక్కలకు ఫాయిల్ టేపు చుట్టి, అద్దానికి నాలుగు అంచులా పేర్చి, ఆ తర్వాత పలకను దించండి. సిలికా జెల్ పొట్లాలు లోపల పెట్టమని చెప్పేవాళ్లుంటారు. మన చెమ్మకు అవి కొద్ది రోజుల్లోనే నిండిపోతాయి, ఆ తర్వాత అవి ఉన్నా లేనట్టే. కలరా ఉండలు కూడా లోపల వద్దు.

వెనక మూత, గోడ

మూతకు 3 మి.మీ. అట్టను స్టీలు మరలతో బిగించి, నాలుగు మూలల దగ్గర పావంగుళం రంధ్రాలు చేయండి. ఆ రంధ్రాలకు లోపలివైపు సన్నటి దోమతెర ముక్క పెట్టి కుట్టండి. గాలి ఆడుతుంది, పురుగు రాదు. గోధుమరంగు కాగితం మైదా పిండితో అంటించే అలవాటు మానుకోవాలి. ఆ పిండి పురుగుకు విందు.

పటం వీపు కింది రెండు మూలలకూ 10 మి.మీ. మందం సీసా బిరడా ముక్కలు అంటించండి. రబ్బరు ముక్కలు వద్దు. రబ్బరులోని గంధకం జరీని నల్లబరుస్తుంది. ఉప్పాడ చీర కొంగు ముక్కలు వాడిన బొంతకు ఇది మరీ ముఖ్యం.

రెండు స్టీలు రింగుల్ని చట్రం నిలువు పక్కలకు, పైనుంచి మూడోవంతు కిందికి బిగించి తీగ కట్టండి. 12కు 10 అంగుళాల 2 మి.మీ. అద్దం ఒక్కటే దాదాపు 400 గ్రాములు తూగుతుంది, సన్న మేకు చాలదు. పాత లోగిళ్లలో పటాల్ని కిందివైపు గోడకు ఆనించి, పైవైపు ముందుకు వంచి వేలాడదీసేవారు. తీగను రెండంగుళాలు వదులుగా కడితే అదే వంపు వస్తుంది. వంపుండడంతో పైన దుమ్ము తక్కువ పడుతుంది, కిటికీ వెలుతురు నేరుగా తగలదు, వెనక గాలి ఆడుతుంది.

పడమటి ఎండ వచ్చే కిటికీ ఎదురుగా పెట్టొద్దు. మ్యూజియంలలో గుడ్డలకు వెలుతురు 50 లక్స్ దాటనివ్వరు. ఇంట్లో అంత తక్కువ చేయలేం కాబట్టి, రెండు మూడు బొంతలు కుట్టుకుని మూడు నాలుగు నెలలకోసారి మార్చండి. బయటి గోడ, అంటే వాన జల్లు కొట్టే గోడ, ఎప్పుడూ వద్దు.

వానాకాలంలో చూసుకోవాల్సినవి

జూన్ నుంచి నవంబరు దాకా నెలకోసారి టార్చిలైటు పక్కనుంచి వేసి చూడండి. ఎదురుగా వేసిన వెలుతురులో కనిపించని బూజు నూగు పక్క వెలుతురులో తెలుస్తుంది. కనిపిస్తే తడి గుడ్డతో తుడవొద్దు, బూజు గింజలు లోపలికి దిగుతాయి. ముక్కుకు గుడ్డ కట్టుకుని, పటాన్ని బయటికి తీసుకెళ్లి విప్పండి. ఎండ రోజున నీడలో రెండు రోజులు ఆరబెట్టి, మెత్తటి బ్రష్షుతో ఒకే దిక్కుకు దులపండి.

అద్దం లోపల ఆవిరి పట్టి కనిపిస్తే పుల్లలు చాల్లేదనో, వెనక రంధ్రాలు మూసుకుపోయాయనో అర్థం. బొంత కింది అంచు మాత్రమే ముడతపడితే అక్కడ కుట్లు ఎక్కువ దగ్గరగా పడ్డాయి, ఒకటి విడిచి ఒకటి కత్తిరించండి.

బొంత ఎవరి చీర ముక్కలతో కుట్టారో, ఏ ఊరిదో, కట్టిన నెల ఏదో మూత లోపలివైపు పెన్సిలుతో రాసి పెట్టండి. పెన్ను సిరా చెమ్మకు పాకుతుంది. మళ్లీ విప్పి చూడాల్సిన నెల కూడా దాని కిందే రాయండి.